మూడు పాటల బ్యాండు

2021 మే నెల. కోవిడ్ రెండో వేవ్ హైదరాబాదుని కుదిపేస్తున్న రోజులు. వాట్సాప్ తెరిస్తే ఆక్సిజన్ సిలిండర్ల కోసం, బెడ్ల కోసం మెసేజిలు. పగలంతా ఆఫీసు కాల్స్, రాత్రయితే నిద్ర పట్టక ఫోన్‌లో ఏవో ఒక వీడియోలు. అలాంటి ఒక రాత్రి, లాస్ ఏంజిలెస్ పబ్లిక్ లైబ్రరీలో నలుగురు ఆడపిల్లలు గొంతు చించుకుని పాడుతున్న పంక్ పాట ఒకటి కంటపడింది. చుట్టూ పుస్తకాల అరలు. డ్రమ్స్ వాయిస్తున్న పిల్లకి అప్పుడు పదేళ్లు. లాక్‌డౌన్‌కి కొద్దిరోజుల ముందు క్లాసులో ఒక అబ్బాయి ఆ పిల్ల దగ్గరికొచ్చి, చైనా వాళ్లకి దూరంగా ఉండమని మా నాన్న చెప్పాడు అన్నాడట. ఆ కోపంలోంచి పుట్టిన పాట. ప్రపంచమంతా చూసింది ఆ వీడియోని. నేనూ ఆ రాత్రి ఐదారుసార్లు చూసి ఉంటాను.

ఆ బ్యాండు పేరు 'ది లిండా లిండాస్'. ఈ పేరేంటా అని వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే, అది 2005లో వచ్చిన 'లిండా లిండా లిండా' అనే జపనీస్ సినిమా నుంచి తీసుకున్నదని తెలిసింది. ఆ సినిమా పేరేమో 1987 నాటి ఒక జపనీస్ పంక్ పాట నుంచి వచ్చింది. ఈ రెండిటి మధ్య ఇంకొక బ్యాండు ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. సినిమాలో నలుగురు నటీమణులు కలిసి వేసిన బ్యాండు అది. సినిమా ప్రచారంలో భాగంగా అదే పేరుతో నిజంగానే ఒక చిన్న ఆల్బమ్ విడుదల చేశారు. ఆ తర్వాత ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. దాని పేరు పారన్‌మౌమ్.

ఈ వ్యాసం ఆ బ్యాండు గురించి. ఇంతోటి దానికి చరిత్ర రాయాలా అని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కాని బ్యాండు అనే మాటతో నాకొక పాత బాకీ ఉంది. దాని సంగతి కాసేపాగి చెబుతాను.

*

ముందు కథ. జపాన్‌లో ఒక మామూలు హైస్కూలు. అక్కడి స్కూళ్లలో ఏటా 'బున్‌కసాయ్' అని సాంస్కృతికోత్సవం జరుగుతుంది. తరగతి గదులు తినుబండారాల దుకాణాలవుతాయి, దయ్యాల కొంపలవుతాయి. జిమ్నాజియంలో స్టేజి కడతారు. స్కూల్లోని లైట్ మ్యూజిక్ క్లబ్బు పిల్లలు ఆ స్టేజి మీద ఒక్క అరగంట దొరకడం కోసం ఏడాదంతా ఎదురుచూస్తారు. ఈ సినిమాలో ఉత్సవానికి ఇంకా కొద్ది రోజులే ఉందనగా అమ్మాయిల బ్యాండు విడిపోతుంది. గిటార్ వాయించే అమ్మాయికి ఆటల పీరియడ్‌లో వేలికి దెబ్బ తగిలింది. పాడే అమ్మాయికీ, కీబోర్డు వాయించే కెయ్‌కీ మాటామాటా పెరిగింది. మిగిలింది ముగ్గురు: కెయ్, డ్రమ్స్ వాయించే క్యోకో, బేస్ వాయించే నొజొమి. కొత్త పాటలు కట్టుకునే టైము లేదు. ఒక పాత క్యాసెట్ దొరుకుతుంది. బ్లూ హార్ట్స్ పాటలు. పెట్టుకుని ఎగిరి గంతులేస్తారు. ఇవే వాయిద్దాం అనుకుంటారు.

కెయ్ కీబోర్డు వదిలి, సరిగా రాని గిటార్ పట్టుకుంటుంది. మరి పాడేదెవరు? పైన కూర్చుని ఉండగా కింద ఒక అమ్మాయి నడిచి వెళ్తుంటుంది. సోన్. కొరియా నుంచి వచ్చిన ఎక్స్ఛేంజ్ స్టూడెంట్. మా బ్యాండులో పాడతావా అని పైనుంచే అరుస్తారు. ఆ పిల్లకి అడిగింది ఏంటో సగం కూడా అర్థం కాదు. "హాఁ" అంటుంది. అలా తయారైంది బ్యాండు. మూడు పాటలు నేర్చుకోవాలి. ఒకటి 'లిండా లిండా'. రెండోది 'బొకు నో మిగితె', అంటే 'నా కుడి చెయ్యి'. గిటార్ అమ్మాయి వేలికి దెబ్బ తగలడంతో మొదలైన కథలో ఇలాంటి పేరున్న పాట ఉండటం కావాలని చేశారో లేదో గాని, నాకు నవ్వొచ్చింది. మూడోది 'ఒవరనాయ్ ఉతా'. ముగియని పాట అని అర్థం.

అంతే కథ. నిద్రలేని రాత్రులు, ప్రాక్టీసు, చిన్న చిన్న అలకలు, ఇన్‌స్టంట్ తిండి. దర్శకుడు నొబుహిరో యమషిత అప్పటికి ముప్పై దాటనివాడు. కెమెరాని దూరంగా, కదలకుండా పెట్టి, ఏమీ జరగని క్షణాలని ఓపిగ్గా చూస్తాడు. మన సినిమాల్లో ఇలాంటి కథకి విలన్ ఉండేవాడు, ప్రిన్సిపాల్ ఉండేవాడు, పోటీలో ఓడించాల్సిన ఇంకో కాలేజీ ఉండేది. ఇక్కడ అవేవీ లేవు. గెలుస్తారా అన్నది ప్రశ్నే కాదు. టైముకి నిద్ర లేస్తారా అన్నదే ప్రశ్న.

*

ఆ క్యాసెట్ సంగతి కొంచెం చెప్పాలి. బ్లూ హార్ట్స్ 1985లో టోక్యోలో మొదలైన పంక్ బ్యాండు. హిరొతొ కోమొతొ పాడేవాడు, మసతొషి మషిమ గిటార్. ఇద్దరూ పాటలు రాసేవాళ్లు. 1987లో వచ్చిన 'లిండా లిండా' కోమొతొ రాసిందే. మురికి కాలవల్లో తిరిగే ఎలుకలోని అందాన్ని కోరుకుంటూ మొదలవుతుంది. ఆస్తుల ధరలు, షేర్ల ధరలు ఆకాశానికి ఎగబాకుతున్న బబుల్ రోజుల్లో, జపాన్ మొత్తం తళతళా మెరుస్తున్న సమయంలో, ఎలుక మీద పాట. అందులో పెద్ద మాటలేవీ లేవు. బడిపిల్లలకి అర్థమయ్యే జపనీస్. కోరస్‌లో వచ్చే 'లిండా' అనే మాట జపనీస్ కానే కాదు. స్పానిష్‌లో దానికి అందమైనది అని అర్థం. కాని ఆ పాట పాడుతూ ఎగిరేవాళ్లలో ఎవరూ నిఘంటువు తెరవరు. మూడు తీగల మీద నడిచే పాట, గిటార్ పట్టిన వారానికే ఎలాగోలా వాయించేయొచ్చు. అందుకే బ్లూ హార్ట్స్ 1995లో విడిపోయినా ఆ పాటలు స్కూలు ఉత్సవాల్లో బతికే ఉన్నాయి.

జపాన్‌లో ఇలా వేరేవాళ్ల పాటలు వాయించే పిల్లల బ్యాండుని 'కాపీ బ్యాండు' అంటారు. మన దగ్గర కాపీ అంటే దొంగతనం. ఫలానా ట్యూను ఫలానా ఇంగ్లీషు పాటకి కాపీ అని యూట్యూబులో రెండు పాటల్నీ పక్కపక్కన పెట్టి తీర్పులు చెప్పేస్తుంటాం. అక్కడ ఆ మాటలో తప్పు లేదు. చిన్నప్పుడు కాపీ పుస్తకంలో అక్షరాలు దిద్దడం లాంటిది. దిద్దగా దిద్దగా చెయ్యి తిరుగుతుంది.

పారన్‌మౌమ్ అన్న పేరు కూడా ఇలాంటి దిద్దుబాటే. కొరియన్‌లో 'పారన్' అంటే నీలం, 'మౌమ్' అంటే మనసు. బ్లూ హార్ట్స్! ఒక జపనీస్ బ్యాండు ఇంగ్లీషులో పెట్టుకున్న పేరుని సోన్ తన భాషలోకి తెచ్చుకుంది. పాటలు వాళ్లవి, పేరు మాత్రం ఆమెది.

*

ఇప్పుడు వ్యాపారం సంగతి. సినిమాలోని బ్యాండుని సినిమా బయట కూడా నిలబెట్టి రికార్డులు అమ్మడం జపాన్‌కి కొత్త కాదు. పారన్‌మౌమ్‌కి తొమ్మిదేళ్ల ముందు, 1996లో, షున్‌జి ఇవాయి తీసిన 'స్వాలోటెయిల్ బటర్‌ఫ్లై' కోసం 'యెన్ టౌన్ బ్యాండ్' వచ్చింది. నిర్మాత తకెషి కొబయాషి, గాయని చారా. ఆ పాట జపాన్ ఒరికాన్ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. ఆల్బమ్ కూడా అంతే. సినిమా చూడనివాళ్లకీ ఆ పాట తెలుసు. 2015లో ఆ బ్యాండు మళ్లీ వెలుగులోకొచ్చింది. ప్రచారం కోసం పుట్టిన బ్యాండ్లలో అది మహారాణి అయితే, పారన్‌మౌమ్ పక్క వీధి పిల్ల.

ఈ రెండు బ్యాండ్లనీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేలుతుంది. రెండు సినిమాల్లోనూ గాయని పరదేశి. 'స్వాలోటెయిల్'లో డబ్బు సంపాదించుకోవడానికి జపాన్ వచ్చిన వలస మనుషులు చైనీస్, ఇంగ్లీషు, జపనీస్ కలగలిపి మాట్లాడుకుంటారు. వాళ్లలోంచి వచ్చిన గ్లికో అనే అమ్మాయి గాయని అవుతుంది. కాని గ్లికోగా వేసిన చారా జపాన్ మనిషే, అప్పటికే పేరున్న పాప్ గాయని. అంటే పరదేశిగా నటించింది స్వదేశి. పారన్‌మౌమ్‌లో మైకు ముందు నిలబడిన బే డూనా నిజంగానే కొరియా నుంచి వచ్చింది. అప్పటికే బాంగ్ జూన్-హో తీసిన 'బార్కింగ్ డాగ్స్ నెవర్ బైట్' (2000), తర్వాతి ఏడు వచ్చిన 'టేక్ కేర్ ఆఫ్ మై క్యాట్'తో తన దేశంలో నటిగా నిలదొక్కుకున్న మనిషి. గాయని కాదు. ఆ పాటలోని తడబాటు, కొన్ని అక్షరాల దగ్గర నాలుక వెతుక్కోవడం, ఊపిరి అందక గొంతు చీరడం, ఇవన్నీ వినపడతాయి. స్టూడియోలో వాటిని సరిదిద్దాలనుకోలేదు ఎవరూ.

మిగతా ముగ్గురిలో డ్రమ్స్ పట్టిన అకి మయెదాని 'బ్యాటిల్ రాయల్' చూసినవాళ్లు గుర్తుపడతారు. గిటార్ పట్టిన యూ కషీ కూడా నటే. నాలుగో అమ్మాయి షియోరి సెకినె మాత్రం అసలు బేసిస్టు. 'బేస్ బాల్ బేర్' అనే బ్యాండు సభ్యురాలు. ఆ బ్యాండు ఎలా పుట్టిందనుకున్నారు? 2001లో వాళ్ల హైస్కూలు ఉత్సవంలో సూపర్‌కార్ అనే బ్యాండు పాటలు వాయించడానికి. కాపీ బ్యాండుగా! అంటే నలుగురిలో ఒకరికి ఈ కథ కథ కాదు, నాలుగేళ్ల కిందటి జ్ఞాపకం.

మరి ఇది నిజం బ్యాండా, ఉత్తుత్తి బ్యాండా? మొదట్లో నేను ఈ ప్రశ్న పట్టుకుని చాలా తిరిగాను. వృత్తిరీత్యా నాకు డెమో అనేది బాగా తెలుసు. క్లయింటు ముందు పనిచేసేటట్టు కనిపించాలి, వెనక ఏమీ ఉండకపోయినా పర్వాలేదు. పోస్టరు కోసం గిటార్ పట్టుకున్న నటి కూడా ఒక డెమోనే అనుకోవచ్చు. కాని డెమోకి, పనికి మధ్య గీత ఎక్కడ గీయాలి? ఈ అమ్మాయిలు నిజంగా వాయించడం నేర్చుకున్నారు. సినిమాలో మొదటి ప్రాక్టీసు సీనులో 'లిండా లిండా' ఎంత ఘోరంగా ఉంటుందంటే, ఒకరి తాళానికీ ఇంకొకరి తాళానికీ పొత్తు ఉండదు. వాళ్లే పగలబడి నవ్వుకుంటారు. చివరికొచ్చేసరికి అది పాటవుతుంది. గొప్ప పాటేమీ కాదు, ఒక స్కూలు బ్యాండు చేతనైనంత బాగా. ఆ తేడా మన కళ్ల ముందే జరుగుతుంది.

*

ఇక అసలు విషయానికొస్తాను. సోన్ కొరియా పిల్ల కావడం కథలో ఒక వింత కోసం పెట్టింది కాదనడానికి, అప్పటి చరిత్ర కొంచెం చూడాలి.

1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ వలస. 1930లు ముగిసే నాటికి బడుల్లోంచి కొరియన్ భాషని దాదాపు తుడిచేశారు. 1940లో మనుషుల పేర్లు కూడా జపనీస్ పద్ధతిలోకి మార్చుకోమన్నారు. అక్కడి తాతముత్తాతలకి జపనీస్ అంటే ఇష్టపడి నేర్చుకున్న భాష కాదు, రుద్దిన భాష. స్వాతంత్ర్యం వచ్చాక దక్షిణ కొరియా జపనీస్ సినిమాలకీ పాటలకీ తలుపులు మూసేసింది. ఆ తలుపు అధికారికంగా తెరుచుకోవడం 1998లో, కిమ్ డే-జుంగ్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు మొదలైంది. అదీ ఒక్కసారిగా కాదు, విడతలు విడతలుగా. జపనీస్ భాషలో పాడిన సీడీలు కొరియా దుకాణాల్లో అమ్ముకోవచ్చని అనుమతి వచ్చింది 2004 జనవరిలో. ఈ సినిమా వచ్చింది 2005 జులైలో. అంటే సోన్ పాడిన లాంటి పాటని ఆమె సొంత ఊళ్లో కొట్లో కొనుక్కునే వీలు వచ్చి ఏడాదిన్నర!

ఇటు జపాన్‌లో అప్పుడు కొరియా గాలి వీస్తోంది. 'వింటర్ సొనాటా' సీరియల్‌ని ఎన్‌హెచ్‌కే 2003లో, 2004లో ప్రసారం చేసింది. అందులో హీరో బే యోంగ్-జూన్‌ని ఆడవాళ్లు 'యోన్-సమా' అని దేవుడిలా చూసుకున్నారు. రెండు దేశాల మధ్య సంబంధాలు మళ్లీ మొదలై నలభై ఏళ్లయిందని 2005ని జపాన్-కొరియా స్నేహ సంవత్సరంగా ప్రకటించారు. ఆ స్నేహ సంవత్సరం మార్చిలోనే జపాన్‌లోని షిమానె ప్రాంతపు సభ, కొరియా చేతిలో ఉన్న దీవుల మీద తమ హక్కు చాటడానికి 'తకెషిమ దినం' అని తీర్మానం చేసింది. కొరియాలో గొడవలు రేగాయి. జులైలో, అంటే సరిగ్గా ఈ సినిమా విడుదలైన నెలలోనే, 'కెన్‌కన్‌ర్యూ' అనే మాంగా పుస్తకం మార్కెట్లోకొచ్చింది. పేరుకి అర్థమే 'కొరియా గాలి మీద ద్వేషం'. అది విపరీతంగా అమ్ముడుపోయింది.

ఇవేవీ సినిమాలో కనపడవు. ఒక్కచోట మాత్రం చిన్న సూచన ఉంది. ఉత్సవంలో జపాన్-కొరియా సాంస్కృతిక మార్పిడి అని ఒక గదిలో ప్రదర్శన పెడతారు. గోడల మీద చార్టులు. దాన్ని చూసుకునే పని సోన్‌ది. ఆ గదికి ఎవరూ రారు. ఖాళీ గదిలో ఒక్కతే కూర్చుని ఉంటుంది. ప్రభుత్వాల స్నేహ సంవత్సరం మీద ఇంతకంటే నిశ్శబ్దమైన విమర్శ నేను చూడలేదు. ఆ పిల్లని ప్రదర్శన గదిలోంచి బయటికి లాగింది స్నేహం గురించిన ఉపన్యాసం కాదు, టైము లేక దిక్కుతోచక ఎవరు దొరికితే వాళ్లని పిలిచిన ముగ్గురు అమ్మాయిల తొందర.

సోన్ మొదటిసారి ఇయర్‌ఫోన్స్‌లో 'లిండా లిండా' వింటున్నప్పుడు ఏడుస్తుంది. మాటలు ఎంతవరకు అర్థమై ఏడ్చిందో దర్శకుడు చెప్పడు. తర్వాత ఒక్కతే కరయోకె గదికి వెళ్తుంది ప్రాక్టీసు చేసుకోవడానికి. తాగడానికి ఏదన్నా ఆర్డర్ ఇవ్వాలంటాడు అక్కడి అబ్బాయి, అదీ రూలు. నాకు తాగడానికి వద్దు, పాడటానికొచ్చాను అంటుంది ఈ పిల్ల, వచ్చీరాని జపనీస్‌లో. ఇద్దరూ ఒకే మాటని పదే పదే చెప్పుకుంటారు. నవ్వుతూ చూస్తాం. కాని పరాయి ఊళ్లో ఇల్లు అద్దెకడిగినవాళ్లకీ, బ్యాంకు కౌంటరు దగ్గర నిలబడ్డవాళ్లకీ ఆ నవ్వులో కొంచెం చేదు తగులుతుంది. ఇంకో సీనులో సోన్ మీద మనసుపడ్డ జపాన్ అబ్బాయి ఒకడు (చిన్న పాత్ర, కెనిచి మత్సుయమ వేశాడు) కష్టపడి కొరియన్ నేర్చుకొచ్చి ప్రేమ సంగతి చెబుతాడు. ఆ సోన్ అతన్ని నొప్పించకుండానే కాదంటుంది. ఆమెకి బ్యాండు దగ్గరికి వెళ్లాలని ఉంది.

ఈ సినిమాలో ఎవరు ఎవరి భాష మాట్లాడినా ఎవరూ బలవంతపెట్టరు. తాతల కాలంలో బెత్తం పట్టి నేర్పిన భాషని ఈ మనవరాలు తనంతట తాను, ఒక ఎలుక పాట కోసం, నోట్లోకి తీసుకుంది. పారన్‌మౌమ్‌లో నాకు కనపడిన చరిత్ర ఇదే. అది సీడీలు అమ్మడానికి పుట్టిన బ్యాండు కావచ్చు. కాని ఆ సీడీలో ఉన్నది ఆ సంవత్సరంలో అంత తేలిగ్గా దొరకని గొంతు.

*

ఇప్పుడు నా బాకీ.

2010లో నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. హైదరాబాదు శివార్లలో కాలేజీ, పేరు అనవసరం. ఫెస్టుకి మేం నలుగురం బ్యాండు వేశాం. నేను కీబోర్డు. చిన్నప్పుడు రెండేళ్లు నేర్చుకున్న పుణ్యం. గిటార్ వాయించేది హాస్టల్లో మా కింది ఫ్లోర్ అబ్బాయి, మిజోరం నుంచి వచ్చినవాడు. నిజం చెప్పాలంటే మా అందరిలో సంగీతం తెలిసినవాడు అతనొక్కడే. చర్చిలో పాడి పెరిగిన గొంతు. రెండు హిందీ పాటలు, ఒక తెలుగు పాట అనుకున్నాం. తెలుగు పాట నేను పాడతాను అన్నాడు. అతని దగ్గర ఒక రూళ్ల నోటు పుస్తకం ఉండేది. పాట మొత్తం ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని, ఎక్కడ దీర్ఘమో అక్కడ ఎర్రపెన్నుతో గీతలు పెట్టుకున్నాడు. అర్థం కూడా అడిగి పక్కన రాసుకున్నాడు.

ప్రాక్టీసులో అతను 'ళ' పలకలేకపోయేవాడు. 'ఱ' సంగతి దేవుడెరుగు, అది మనమూ పలకం. ఒకసారి గుమ్మం దగ్గర నిలబడి వింటున్న జూనియర్లు నవ్వారు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది, అతని కోసం కాదు, మా పరువు కోసం. ఫెస్టుకి రెండు రోజుల ముందు, తెలుగు పాట వేరేవాడు పాడితే బాగుంటుందేమో, నువ్వు గిటార్ మీద దృష్టి పెట్టు అన్నాను. అందరి తరఫునా నేనే చెప్పాను. ఓకే బ్రో అన్నాడు. నోటు పుస్తకం మూసి బ్యాగులో పెట్టుకున్నాడు. అంతే. గొడవ లేదు, అలక లేదు. మేం పాడాం, మామూలుగానే పాడాం, చప్పట్లు కొట్టారు.

తమాషా ఏంటంటే, తెలుగు రాని గాయకుల గొంతులు వింటూనే పెరిగాం మనం. ముంబయి నుంచి వచ్చి దేవనాగరిలో రాసుకుని పాడిన పాటలకి పెళ్లి బారాతుల్లో డాన్సులు వేశాం. ఉచ్చారణ మీద జోకులు వేసుకుంటూనే గుండెలకి హత్తుకున్నాం. మన బాలుగారు కన్నడంలో, తమిళంలో, హిందీలో పాడితే గర్వపడ్డాం. పేరున్నవాళ్ల నోట తప్పు కూడా ముద్దుగా ఉంటుంది. కింది ఫ్లోర్ అబ్బాయి నోట మాత్రం మనకి 'ళ' కావాల్సి వచ్చింది.

'లిండా లిండా లిండా'లో ఇలాంటి చర్చే ఉండదు. సోన్ ఉచ్చారణ గురించి ఆ ముగ్గురూ ఒక్క మాట అనరు. నేను రెండోసారి సినిమా చూసినప్పుడు దీనికోసమే వెతికాను, ఎక్కడైనా ఒక ముఖం చిట్లింపు, ఒక చూపు. లేదు. టైము లేదు కదా వాళ్లకి! ఇంకో గాయని ఉంటే ఏమనేవాళ్లో తెలియదు. అయినా, కారణం ఏదైతేనేం, మైకు ఆ పిల్ల చేతిలోనే ఉంది.

*

ఉత్సవం చివరి రోజుకి ముందు రాత్రి సోన్ ఒక్కతే జిమ్నాజియంలోకి వస్తుంది. చీకటి. ఖాళీ హాలు. స్టేజి ఎక్కి, ఎదురుగా జనం ఉన్నట్టే ఊహించుకుని, బ్యాండు సభ్యుల్ని ఒక్కొక్కరినీ పరిచయం చేస్తుంది. డ్రమ్స్ మీద ఫలానా, బేస్ మీద ఫలానా. సినిమా మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన సీను ఇది. వినేవాళ్లు లేని ఆ హాల్లోనే పారన్‌మౌమ్ బ్యాండు అయింది అనిపిస్తుంది నాకు. సీడీ, పోస్టర్లు అన్నీ ఆ తర్వాతి సంగతి.

మర్నాడు నలుగురూ రాత్రంతా ప్రాక్టీసు చేసి, అలిసిపోయి, పడి నిద్రపోతారు. లేచేసరికి టైము దాటిపోయింది. బయట కుండపోత వాన. అక్కడ స్టేజి ఖాళీగా ఉంచలేక, వేలికి దెబ్బ తగిలిన ఆ గిటార్ అమ్మాయి ఒక్కతే నిలబడి పాడుతుంది. ఆమె గొంతు ఇంత బాగుంటుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. వాన వల్ల ఆరుబయట తిరుగుతున్న పిల్లలంతా జిమ్నాజియంలోకి చేరతారు. వాళ్లు ఈ బ్యాండు కోసం రాలేదు, తడవకుండా ఉండటానికొచ్చారు. అలా హాలు నిండింది. అప్పుడు వస్తారు నలుగురూ, తడిసి ముద్దై. 'లిండా లిండా' మొదలవుతుంది. మెల్లగా మొదలై, డ్రమ్స్ పడగానే హాలంతా ఎగురుతుంది.

రెండో పాట 'ఒవరనాయ్ ఉతా' నడుస్తుండగా యమషిత కెమెరాని స్టేజి మీంచి తప్పించి, ఖాళీ కారిడార్లని, వానకి తడుస్తున్న స్కూలుని చూపిస్తాడు. పాట వినపడుతూనే ఉంటుంది. ముగియని పాట అని పేరు పెట్టుకున్న పాట మధ్యలో సినిమా ముగుస్తుంది. ఆ సినిమాకి నేపథ్య సంగీతం ఇచ్చింది స్మాషింగ్ పంప్‌కిన్స్ గిటారిస్టు జేమ్స్ ఇహా, జపనీస్ మూలాలున్న అమెరికన్. ఇందులో ఎవరిని చూసినా ఏదో ఒక సముద్రం దాటి వచ్చినవాళ్లే.

ఆ పాట కూడా సముద్రం దాటింది. 2018లో లాస్ ఏంజిలెస్‌లో కలిసిన నలుగురు పిల్లలు, ఆసియా, లాటినో మూలాలున్నవాళ్లు, ఈ సినిమా పేరుని తమ బ్యాండుకి పెట్టుకున్నారు. వాళ్లూ కాపీ పాటలతోనే మొదలుపెట్టారు. 2021 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'మాక్సీ' అనే సినిమాలో వాళ్లు బ్యాండుగానే కనపడతారు. సినిమాలోంచి నడిచి బయటికొచ్చింది పారన్‌మౌమ్. బయటినుంచి సినిమాలోకి నడిచి వెళ్లారు వీళ్లు. రెండు నెలలకి ఆ లైబ్రరీ వీడియో. 2022లో సొంత పాటలతో ఆల్బమ్. 2025లో 'లిండా లిండా లిండా'కి ఇరవై ఏళ్లు నిండాయని కొత్త ప్రింటుతో అమెరికాలో మళ్లీ విడుదల చేశారు. ఒక ప్రచార బ్యాండుకి ఇంత వంశం ఉంటుందని 2005లో ఆ సీడీ అమ్మినవాళ్లు అనుకుని ఉండరు.

ఈ వ్యాసం మొదలుపెట్టిన రోజుల్లో, పదిహేనేళ్ల తర్వాత, మిజోరం మిత్రుడికి మెసేజి పెట్టాను. ఐజాల్‌లో ఉన్నాడు, బడి నడుపుతున్నాడు. కుశలప్రశ్నలయ్యాక ఆ తెలుగు పాట సంగతి ఎత్తి, సారీ చెప్పాను. ఏ పాట, నాకు గుర్తు లేదే అన్నాడు. గుర్తున్నదల్లా స్టేజి మీద రెండో పాట మధ్యలో కరెంటు పోవడం, జనరేటరు వేసేదాకా డ్రమ్మరు ఒక్కడే వాయిస్తూ ఉండటం. నిజంగానే మర్చిపోయాడో, నన్ను తేలిక చేయడానికి అన్నాడో తెలియదు. సినిమా లింకు పంపాను. చూస్తానన్నాడు. వాళ్ల బడిలో కూడా పిల్లల బ్యాండు ఉందట. బేస్ వాయించే పిల్ల మణిపూర్ నుంచి వచ్చిందనీ, మిజో పాటలు రాసుకుని మరీ నేర్చుకుంటోందనీ చెప్పాడు.